చిన్న ప్రాణిని ఇంటికి తెచ్చే ముందు

వార్షిక పరీక్షలు అయిపోయి, చర్చిలో వీబీఎస్ తరగతులు మొదలయ్యేలోపు మన పిల్లలు తప్పకుండా అడిగే కోరిక ఒకటుంది. ‘నాన్నా, మనం కూడా ఒక కుందేలును పెంచుకుందామా?’ కుందేలు కాకపోతే లవ్‌బర్డ్స్, అవీ కాకపోతే చేపలు. కుక్కపిల్ల అంటే ఇంటి ఓనరు ఒప్పుకోడని వాళ్లకూ తెలుసు. మనం పది రోజులు ఏదో ఒకటి చెప్పి దాటవేస్తాం. పదకొండో రోజున బజారులో వాళ్ల ఏడుపు భరించలేక, కంటికి కనబడిన ప్రాణిని కొని చేతిలో పెడతాం. బీరువా కొనాలంటే నాలుగు దుకాణాలు తిరిగే మనం ఒక ప్రాణిని మాత్రం నాలుగు నిమిషాల్లో కొనేస్తాం.

అలా కొన్నవాటిలో తరచుగా ఇల్లు చేరేది రంగు కోడిపిల్ల. జాతరలో, వారపు సంతలో, బడి గేటు ముందు గంపలో గులాబీ, ఆకుపచ్చ, నారింజ రంగుల్లో కిచకిచలాడే ఆ పిల్లలను మనమందరం చూసినవాళ్లమే. గుడ్ల కోసం పెంచే జాతుల్లో పెట్టలకే విలువ. పుంజులు గుడ్లు పెట్టవు, మాంసానికీ త్వరగా ఎదగవు. అందుకే హేచరీల్లో పుట్టిన రోజునే వాటిని వేరుచేసేస్తారు. గంపకెక్కేవి సాధారణంగా ఆ మగపిల్లలే. మొదటి వారంలో కోడిపిల్లకు 32 నుంచి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి. ఆ వెచ్చదనం తల్లి రెక్కల కింద దొరుకుతుంది, లేదా బల్బు పెట్టిన గూట్లో దొరుకుతుంది. మన ఇంట్లో దానికి దొరికేది ఒక అట్టపెట్టె, గుప్పెడు బియ్యం, పొద్దస్తమానం నలిపే చేతులు. రాత్రికి వణకడం మొదలుపెడుతుంది. రెండో రోజో మూడో రోజో పెట్టెలో కదలకుండా పడి ఉంటుంది.

పిల్లవాడు ఏడుస్తాడు. మనమేమంటాం? ‘ఊరుకోరా, ఇంకోటి కొనిస్తాలే’ అంటాం. మమ్మల్ని ఆలోచింపజేసేది ఆ కోడిపిల్ల చావు కంటే ఈ ఒక్క మాటే. తనకంటే బలహీనమైన ఒక ప్రాణి మొట్టమొదటిసారి ఆ పిల్లవాడి చేతిలోకి వచ్చింది. అది పోతే దాని చోటులో కొద్ది రూపాయలతో ఇంకొకటి వస్తుందని అదే వారంలో నేర్చుకున్నాడు. ఆ పాఠం చెప్పింది బజారు కాదు, మనమే.

నాతాను ప్రవక్త దావీదుకు చెప్పిన ఉపమానం మనకు కొత్త కాదు. బీదవాడి గొర్రెపిల్లను ధనవంతుడు లాక్కున్న అన్యాయం మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. కానీ లాక్కోకముందు ఆ ఇల్లు ఎలా ఉందో ఒకసారి చూడండి. ఆ గొర్రెపిల్లను కొన్నది తండ్రి. సాకినదీ ఆయనే. అది ఆయన పిల్లలతో కలిసి పెరిగింది. ఆయన తినే ముద్దలోనే దానికీ భాగం ఉంది, ఆయన గిన్నెలోనే తాగింది, ఆయన ఒడిలోనే పడుకుంది. ‘పిల్లలు అడిగారు కాబట్టి కొన్నాను, ఇక వాళ్లే చూసుకోవాలి’ అని ఆయన అనలేదు. పిల్లల కోసం ప్రాణిని తేవాలనుకునే ప్రతి ఇంటికీ మేము చెప్పదలచినది ఇదే. ఆ జంతువు పేరుకు పిల్లవాడిదైనా, పెంపకం పెద్దవాళ్లది. ఎనిమిదేళ్ల పిల్లవాడు మేత వేయగలడు, నీళ్లు మార్చగలడు, మరచిపోనూ గలడు. వాడు మరచిపోయిన రోజున వేయాల్సింది మనం. అందుకు సిద్ధంగా లేకపోతే బజారులోనే ‘వద్దు’ అనేయడం మంచిది. ఏడిస్తే కాసేపు ఏడవనివ్వండి.

ఈ మాట రెండున్నర శతాబ్దాల క్రితం ఇంగ్లండులోని ఓల్నీ అనే చిన్న పట్టణంలో ఒక కుటుంబానికి అనుభవంలోకి వచ్చింది. అక్కడ విలియం కౌపర్ అనే కవి ఉండేవాడు. ఇమ్మానుయేలు రక్తపు ఊటను గురించి ఆయన రాసిన కీర్తనను మన తెలుగు సంఘాలు కూడా పాడుకుంటాయి. ‘అమేజింగ్ గ్రేస్’ రాసిన జాన్ న్యూటన్ ఆ రోజుల్లో ఆ ఊరి పాస్టరు, కౌపర్‌కు ఆప్తమిత్రుడు. 1773లో కౌపర్ తీవ్రమైన మానసిక వ్యథలో కూరుకుపోయాడు. మరుసటి ఏడాది పొరుగింటి పిల్లలకు ఎవరో ఒక అడవి కుందేలు పిల్లను ఆడుకోవడానికి ఇచ్చారు. పిల్లలు దాన్ని ఏడిపించడం నేర్చుకున్నారు గానీ మేపడం నేర్చుకోలేదు. త్వరలోనే విసుగొచ్చి వదిలేశారు. అది రోజురోజుకూ చిక్కిపోతుంటే చూడలేక వాళ్ల తండ్రి దాన్ని కౌపర్‌కు ఇస్తానన్నాడు, ఆయన తీసుకున్నాడు. సంగతి తెలిసి ఊళ్లోవాళ్లు ఇంకా ఎన్నో పిల్లలను తెచ్చిపెట్టారు. ఆయన మూడింటిని మాత్రమే ఉంచుకుని పస్, టైనీ, బెస్ అని పేర్లు పెట్టాడు. వాటిలో రెండు పేర్లు ఆడవాళ్లవి, మూడూ మగవే!

కౌపర్ స్వయంగా వడ్రంగం చేసి వాటికి గూళ్లు కట్టాడు. పస్‌కు జబ్బు చేస్తే మిగతావాటికి దూరంగా ఉంచి సేవ చేశాడు. కోలుకున్నాక అది ఆయన చేతి వెనుక భాగాన్ని, అరచేతిని, ఒక్కో వేలినీ నాకిందని రాసుకున్నాడు. అంతే ప్రేమతో పెంచిన టైనీ మాత్రం కడదాకా లొంగలేదు. ముట్టుకోబోతే గుర్రుమనేది, ముందుకాళ్లతో కొట్టేది, కరిచేది. కౌపర్ దాన్నీ వదిలేయలేదు. మనం కొనబోయే ప్రాణి పస్ అవుతుందా, టైనీ అవుతుందా అన్నది దుకాణంలో తెలియదు. టైనీ అయినా చివరిదాకా మేపుతామా?

ఇక ఏది తేవాలన్న విషయానికి వద్దాం. తేకూడనిది ముందు చెప్పాలి, రామచిలుక. ‘మా తాతగారింట్లో పంజరంలో ఉండేది’ అని చాలామంది అంటారు. ఉండేది, నిజమే. కానీ మన దేశపు చిలుకలను పట్టడం, అమ్మడం, పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద నేరం. 2022లో ఆ చట్టాన్ని సవరించినప్పుడు వాటిని రెండో షెడ్యూల్‌లో ఉంచారు. అమ్మేవాడు ‘ఏం కాదు సార్’ అంటాడు. చెట్టు తొర్రలోంచి ఆ పిల్లలను లాగిన సంగతి మాత్రం చెప్పడు. గూట్లో పిల్లల మీద కూర్చున్న తల్లిపక్షిని పట్టకూడదని ద్వితీయోపదేశకాండంలో ఒక ఆజ్ఞ ఉంది. అంత పెద్ద ధర్మశాస్త్రంలో పిట్టగూటికి కూడా చోటు దొరికింది. నక్షత్ర తాబేలు ఇంట్లో ఉంటే కలిసొస్తుందని నమ్మేవాళ్లున్నారు. అదీ నేరమే, ఆ నమ్మకం గురించి విశ్వాసులకు మేము చెప్పక్కర్లేదు.

రూపాయి బిళ్లంత ఉండి, చెవి దగ్గర ఎర్రచారతో ముద్దుగా కనిపించే తాబేలు పిల్లలు ఇంకో రకం. వాటి సొంత ఊరు అమెరికా. ఆ బిళ్లే పళ్లెమంత పెరుగుతుంది, ఇరవై ముప్పై ఏళ్లు బతుకుతుంది. పెద్దదయ్యాక తీసుకెళ్లి చెరువులో వదిలేస్తే అక్కడి మన తాబేళ్ల తిండికీ చోటుకీ పోటీ వస్తుంది. పైగా వీటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే క్రిములు ఉండవచ్చు. పసిపిల్లలు నోట్లో పెట్టుకుని జబ్బుపడుతున్నారని అమెరికాలోనే 1975లో నాలుగు అంగుళాలలోపు తాబేళ్ల అమ్మకాన్ని నిషేధించారు. కోడిపిల్లల నుంచీ ఇదే క్రిమి వస్తుంది. అయిదేళ్లలోపు పిల్లల చేతికి ఈ రెండూ ఇవ్వకపోవడమే క్షేమం. ఏ జంతువును ముట్టుకున్నా సబ్బుతో చేతులు కడుక్కోవడం ఇంటి కట్టుబాటు కావాలి.

పిల్లల మొదటి కోరిక కుందేలు కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగుదాం. కుందేలుకు చెమట పట్టదు, వేడిని ఎక్కువగా చెవుల ద్వారానే వదులుకోవాలి. ముప్పై డిగ్రీలు దాటితే దానికి కష్టకాలం మొదలైనట్టే. రామగుండంలో, రెంటచింతలలో మే నెల ఎండ ఎలా ఉంటుందో మనకు తెలుసు. రేకుల ఇంట్లో, మేడ మీద, బాల్కనీలో బోను పెడితే మధ్యాహ్నానికే ప్రాణం పోవచ్చు. చల్లని నీడగది, గడ్డకట్టిన నీళ్ల సీసాను గుడ్డలో చుట్టి పక్కన పెట్టే మనిషి ఉండాలి. బొమ్మల పుస్తకాల్లో చూపినట్టు అది క్యారెట్ల మీద బతకదు. దాని పళ్లు జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి, అవి అరగాలంటే రోజంతా నమలడానికి ఎండుగడ్డి ఉండాలి. ఎత్తుకుంటే భయపడి వెనుక కాళ్లతో తన్నుకుంటుంది. ఆ ఊపులో దాని వెన్నెముకే విరగవచ్చు. చిన్నపిల్లలు నేల మీద కూర్చుని నిమరాలి తప్ప ఎత్తకూడదు.

ఇంకో లెక్క కూడా ఉంది. బాగా చూస్తే కుందేలు ఎనిమిది నుంచి పదేళ్లు బతుకుతుంది. నాలుగో తరగతిలో కొనిచ్చామనుకోండి. ఇంటర్మీడియెట్‌కు పిల్లవాణ్ని హాస్టల్లో వేసేనాటికి అది ఇంకా మన వరండాలోనే ఉంటుంది. అప్పుడు గడ్డి వేసేదెవరు? మన ఇళ్లలో ఈ ప్రశ్నకు జవాబు దాదాపు ఎప్పుడూ ‘అమ్మ’. కాబట్టి కొనేముందు ఆమెను అడగాలి. ఆమె వద్దంటే అది వద్దనే.

హామ్‌స్టర్ రాత్రి జంతువు. మన పిల్లలు నిద్రపోయే వేళకు లేస్తుంది, వాళ్లు ఆడుకుందామని పగలు లేపితే కరుస్తుంది. ఆయుష్షు రెండు మూడేళ్లే. గినీ పిగ్ అలా కాదు. పగలంతా మెలకువగా ఉంటుంది, అంత సులభంగా కరవదు, కూరల సంచీ చప్పుడు విని కుయ్ కుయ్‌మని పిలుస్తుంది. మనుషుల్లాగే దాని ఒంట్లో కూడా విటమిన్ సి తయారు కాదు. కాబట్టి ఎండుగడ్డితో పాటు కాస్త క్యాప్సికమ్, కొత్తిమీర, జామముక్క లాంటివి రోజూ పడాలి. అది ఒంటరిగా ఉండలేదు. స్విట్జర్లాండులో 2008 నుంచి దాన్ని ఒంటరిగా పెంచడం చట్టవిరుద్ధం. రెండు తెచ్చుకోండి, రెండూ ఆడవే అయితే మంచిది, లేదంటే ఏడాది తిరిగేసరికి సంఘమంతటికీ పంచాల్సి వస్తుంది. వేసవిలో దీనికీ కుందేలుకు తీసుకునే జాగ్రత్తలే తీసుకోవాలి. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలుండి, ఎవరో ఒక పెద్దవాళ్లు పగలు ఇంటిపట్టున ఉండే కుటుంబానికి మేము ముందుగా చెప్పేది దీని పేరే.

మనం లవ్‌బర్డ్స్ అని పిలిచే చిన్న పిట్టలు చాలావరకు ఆస్ట్రేలియాకు చెందిన బడ్జెరిగార్లు. వాటిని పెంచడం నేరం కాదు. కొర్రలు, కొంచెం ఆకుకూర, శుభ్రమైన నీళ్లు, తోడు కావాలి. పంజరం ఎత్తు కంటే వెడల్పు ముఖ్యం, పక్షి పక్కకు ఎగురుతుంది గానీ లిఫ్టులా పైకి పోదు కదా. పంజరాన్ని వంటగదిలో మాత్రం పెట్టకండి. నాన్‌స్టిక్ పెనం మాడితే వచ్చే పొగ మనకు తెలియకుండానే పిట్టను చంపేస్తుంది.

ఇల్లు ఇరుకు, ఇద్దరూ ఉద్యోగస్థులు, పిల్లకు ఆయాసం అంటారా? అప్పుడు చేపలు. గాజు గిన్నెలో ఒంటరి గోల్డ్‌ఫిష్ మాత్రం కాదు. ఆ చేప జానెడు దాకా పెరుగుతుంది, పదేళ్లు బతకగలదు. గిన్నెలో దాని మలం నుంచి పుట్టే అమోనియాయే దానికి విషమవుతుంది. నలభై యాభై లీటర్ల తొట్టి, ఫిల్టరు, నాలుగైదు గప్పీలు చాలు. తొట్టి కొన్న రోజే చేపలు కొనకండి. ఆ విషాన్ని విరిచే మేలుచేసే బ్యాక్టీరియా పెరగడానికి మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఖాళీ నీళ్లను నెలరోజులు చూస్తూ ఆగడం పిల్లలకు కష్టమే. ఆ నెలలో ఉత్సాహం చల్లారిపోతే ఏ ప్రాణికీ నష్టం ఉండదు, తొట్టిలో గులకరాళ్లే ఉంటాయి.

ఏదీ కుదరని ఇళ్లూ ఉంటాయి. గోదావరి జిల్లాల్లో కోతల వేళ వరి కంకులను కుచ్చుగా అల్లి పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసే అలవాటుంది. అలాంటి కుచ్చు ఒకటి, పిట్టగోడ మీద మట్టి మూకుడులో నీళ్లు. ప్రభువు లెక్కలోకి తీసుకున్న పిచ్చుకలు పంజరం లేకుండానే మన ఇంటికొస్తాయి. వేసవంతా మూకుడు కడిగి రోజూ నీళ్లు పోసిన పిల్లకు వచ్చే ఏడాది గినీ పిగ్ సంగతి నమ్మకంగా ఆలోచించవచ్చు.

తెచ్చిన ప్రాణి ఏదో ఒక రోజు చనిపోతుంది. చాలామంది పిల్లలు మరణాన్ని దగ్గరగా చూసేది అప్పుడే. రాత్రికి రాత్రి అదే రంగు చేపను తెచ్చి తొట్టిలో వేసి ఏమీ జరగనట్టు ఉండకండి, ‘ఊరెళ్లింది’ అనకండి. చనిపోయిందని చెప్పండి. పిల్లవాడి చేతే ఒక మూల మట్టి తవ్వించండి. ‘అది పరలోకానికి వెళ్తుందా అంకుల్?’ అని సండే స్కూల్లో అడుగుతారు. లేఖనం వివరించని చోట మనం కథలు అల్లనక్కర్లేదు. పిచ్చుక నేలరాలినా తండ్రికి తెలుసని ప్రభువు అన్నాడు, ఆ మాట వాళ్లకు చెప్పవచ్చు. వాళ్లు ఏడిస్తే, ఈసారి పక్కన కూర్చోండి.

కౌపర్ కుందేళ్లలో బెస్ పెరిగి పెద్దదైన కొద్దికాలానికే పోయింది. టైనీ దాదాపు తొమ్మిదేళ్లు బతికింది. పొరుగింటి పిల్లలు విసిగి వదిలేసిన ఏడాది మొదలైన ఆ పెంపకం 1786 మార్చి దాకా సాగింది. కౌపర్ 1800లో మరణించాక ఆయన కాగితాల్లో ఒక చిన్న చీటీ దొరికింది. పస్ ఈ రోజు మధ్యాహ్నం, వయసు మీరి, నొప్పి లేకుండా పోయిందని, దాని వయసు పదకొండేళ్ల పదకొండు నెలలని అందులో రాసి ఉంది.