రావల్కోల్ పొలం గట్లపై నడకకు గమ్ బూట్ల ఎంపిక

మేడ్చల్ మండలంలోని రావల్కోల్ పరిసరాల్లో సేద్యం చేసేవారికి నడక తప్పనిది. ఇంటి నుండి బోరు దగ్గరకు, బోరు నుండి కూరగాయల మడులకు, అక్కడి నుండి పశువుల కొట్టానికి రోజుకు ఎన్నిసార్లు తిరుగుతారో వారే లెక్కపెట్టుకోరు. ఎర్ర చల్కా నేల గరుకు, రాతి మొనలు, సర్కారు తుమ్మ ముళ్ళు, వానాకాలపు జారుడు బురద, గడ్డిలో కనపడని పాము, ఇవన్నీ ఆ ఒక్క దారిలోనే ఎదురవుతాయి. అయినప్పటికీ చాలామంది చెప్పులతో గాని, వట్టి కాళ్లతో గాని నడుస్తున్నారు. గమ్ బూట్లు కొన్నవారి ఇళ్లలో సైతం అవి తరచుగా గోడ మూలన దుమ్ముపట్టి ఉంటాయి. కారణం అడిగితే వచ్చే సమాధానాలు సాధారణంగా మూడు: బరువు, ఉక్క, ఒరుపు. నీరు లోపలికి వస్తోందన్న ఫిర్యాదు అరుదు. నడవనివ్వడం లేదన్నదే అసలు ఫిర్యాదు. కావున గమ్ బూటును వానకు వేసుకునే వస్తువుగా కాక, నడకకు వాడే పనిముట్టుగా పరిశీలించి రైతుకు సిఫారసు చేయవలసి ఉంది.

ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. 2000 నుండి 2019 వరకు మన దేశంలో పాముకాటు వలన సుమారు 12 లక్షల మంది, అనగా ఏటా సగటున 58 వేల మంది మరణించారని 2020లో ప్రచురితమైన ఒక జాతీయ స్థాయి అధ్యయనం అంచనా వేసింది. ఈ మరణాలలో దాదాపు సగం జూన్ నుండి సెప్టెంబరు వరకు గల వానాకాలంలోనే సంభవించాయి. అధిక మరణాలు గల ప్రాంతాల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలు కూడా ఉన్నాయి. పొలాల్లో కాటువేసే పాములలో ముఖ్యమైనది రక్తపింజర. అది తొక్కబడినప్పుడో, అడుగు చప్పుడు మీదికి వచ్చినప్పుడో పాదం మీద, చీలమండ దగ్గర కాటు వేస్తుంది. బూటు కాపాడగలిగిన చోటు సరిగ్గా అదే. పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్ర ప్రభుత్వం 2024 మార్చిలో జాతీయ కార్యాచరణ ప్రణాళికను ప్రకటించింది. ఇంటి మూలన ఉన్న బూటు ఆ లక్ష్యానికి ఏ విధంగానూ తోడ్పడదు. అయితే నిద్రలో కాటువేసే కట్లపాము నుండి రక్షణకు దోమతెరే సాధనమనీ, బూటు ఎంత మందమైనదైనా కోర దిగదని హామీ ఇవ్వలేమనీ రైతుకు స్పష్టంగా చెప్పాలి.

బూటు పుట్టిన దేశం వేరు, మన నేల వేరు

వెల్లింగ్టన్ బూటు మొదట తోలుతో తయారైంది. 19వ శతాబ్ది ఆరంభంలో బ్రిటిష్ సేనాని వెల్లింగ్టన్ ప్రభువు వాడిన నమూనాకు ఆయన పేరే నిలిచింది. రబ్బరును గంధకంతో వేడిచేసి గట్టిపరిచే వల్కనీకరణ ప్రక్రియకు చార్లెస్ గుడ్‌ఇయర్ 1844లో అమెరికాలో పేటెంటు పొందాడు. హైరమ్ హచిన్సన్ 1853లో ఫ్రాన్సులో రబ్బరు బూట్ల కర్మాగారం స్థాపించి, అప్పటివరకు చెక్క పాదరక్షలతో తడిపొలాల్లో తిరిగిన రైతులకు వాటిని అందించాడు. ఆ దేశాల్లో బూటు తడిని ఆపితే చాలు, లోపలి వెచ్చదనం అదనపు లాభం. మనకు అదే వెచ్చదనం బాధ. లోపల మందపు నూలు అస్తరు గాని, బొచ్చు అస్తరు గాని ఉన్న బూట్లు తెలంగాణ వాతావరణానికి పనికిరావు. చెమట పీల్చుకొని ఆరవు, వేళ్ల సందుల్లో చర్మం పాచిపోయేందుకు దారితీస్తాయి.

కొలత

రైతులు బూటు మీద అంకె చూసి కొంటారు. అది చాలదు. మన దుకాణాల్లో ఎక్కువగా వాడే బ్రిటిష్ కొలతలో ఒక సైజుకు మరొక సైజుకు పొడవులో తేడా సుమారు 8.5 మిల్లీమీటర్లు. గమ్ బూట్లు సాధారణంగా అర సైజుల్లో దొరకవు కనుక పొరపాటుకు అవకాశం ఎక్కువ. పైగా అంకె పొడవును మాత్రమే చెబుతుంది, వెడల్పును చెప్పదు. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుండి 2022 మార్చి వరకు 79 ప్రదేశాలలో 1,01,880 మంది పాదాలను కొలిచి, భారతీయుల పాదాలు ఐరోపా, అమెరికా వాసుల పాదాల కంటే వెడల్పైనవని తేల్చింది. ఆ ఫలితాల ఆధారంగానే ‘భ’ అనే పేరుతో భారతీయ కొలత విధానం ప్రతిపాదనకు వచ్చింది. చిన్ననాటి నుండి వట్టి కాళ్లతో నడిచిన పాదం వేళ్ల వద్ద విచ్చుకొని ఉంటుంది. అటువంటి పాదానికి ఇరుకు బూటు వేస్తే చిటికెన వేలి పక్కన బొబ్బ వస్తుంది. వెడల్పు కోసం పెద్ద సైజు కొంటే మడమ లోపల లేచి పడుతూ వెనుక చర్మాన్ని ఒరుస్తుంది. చాలామంది బూటును వదిలివేసేది ఈ రెండింటి నడుమ చిక్కుకొనే.

పాదం పగలంతా తిరిగిన తరువాత కొంత ఉబ్బుతుంది, కావున కొలత సాయంత్రం తీసుకోవాలి. కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ గీత గీసి, పెద్దదానిని ప్రమాణంగా తీసుకోవాలి. బూటు లోపలి అట్ట ఊడివచ్చేదైతే దానిని బయటకు తీసి దాని మీదే నిలబడడం ఇంకా సులువైన పరీక్ష: పొడవైన వేలి ముందు సుమారు 10 నుండి 12 మిల్లీమీటర్ల ఖాళీ మిగలాలి, పక్కల పాదం అట్ట దాటి పొర్లిపోకూడదు. తరువాత, వాడబోయే మేజోళ్లతోనే బూటు తొడిగి దుకాణం గచ్చు మీద కాక బయట ఎగుడుదిగుడు నేల మీద నడిపించాలి. మడమ కాస్త లేవడం సహజమే, అడుగడుగునా జారితే ఆ బూటు వద్దు.

స్త్రీల విషయం ప్రత్యేకంగా చెప్పవలసి ఉంది. కలుపు తీయడం, కోతలు, పాడిపశువుల పని అధికంగా వారే చేస్తారు, కాని వారి పాదాలకు సరిపడే 3, 4, 5 సైజులు దుకాణాల్లో తరచుగా ఉండవు. పురుషుల బూటులో గుడ్డలు కుక్కి వేసుకోవడం పరిష్కారం కాదు. చీర కట్టి పనిచేసేవారికి మోకాలి బూటు కంటే పిక్క సగం వరకు వచ్చే పొట్టి బూటు నడకకు అనువు. రైతు సంఘాల ద్వారా బూట్లు తెప్పించే చోట ఈ సైజులను ముందే అడగాలి.

బరువు

మోకాలి ఎత్తు బూట్ల జత సాధారణంగా కిలోన్నర నుండి రెండు కిలోలు తూగుతుంది. కాలికి తగిలించిన బరువు వీపు మీది బరువు కంటే దాదాపు ఐదు రెట్లు అధికంగా శ్రమపెడుతుందని సైనిక పరిశోధనల వలన తెలుస్తోంది. ఒక కిలోమీటరు నడకకు సుమారు 1400 అడుగులు వేస్తాం. ఒక్కొక్క బూటు 250 గ్రాములు అధికంగా ఉంటే, ఆ కిలోమీటరులో మొత్తం 350 కిలోలు అదనంగా ఎత్తినట్లే. బురద అంటితే ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. అడుగున గాళ్లు లోతుగా, ఎడంగా ఉంటే బురద రాలిపోతుంది. దగ్గరదగ్గరగా ఉంటే రేగడి మట్టి ఇరుక్కొని బూటు నున్నబడి జారుతుంది.

పదార్థం, మన్నిక

మార్కెట్లో అధికంగా దొరికేది పీవీసీ. ధర తక్కువ, పేడ నీటికి, పలు రసాయనాలకు తట్టుకుంటుంది. కాని ఎండలో మెత్తదనం ఇచ్చే పదార్థాలు క్రమంగా పోయి గట్టిపడి, చీలమండ మడత వద్ద పగులుతుంది. సహజ రబ్బరు సాగుతుంది, కాలితో పాటు వంగుతుంది, నడకకు హాయి. డీజిలు, నూనె తగిలితే ఉబ్బి పాడవుతుంది. చిరిగితే ట్యూబు పంక్చరు వేసే దుకాణంలోనే అతుకు వేయించుకోవచ్చన్నది రబ్బరుకున్న గొప్ప సౌలభ్యం. ఆ జిగురు పీవీసీకి పట్టదు. పాలీయూరిథేన్ బూట్లు తేలిక, ధర ఎక్కువ. రోజంతా నడిచేవారికి రబ్బరును, ప్రధానంగా కొట్టంలో పనిచేసేవారికి పీవీసీని సూచించడం నా అభిప్రాయంలో సముచితం. కొనేటప్పుడు పీవీసీ బూటుకు ఐఎస్ 12254, రబ్బరు బూటుకు ఐఎస్ 5557 ప్రమాణ ముద్రను వెదకాలి. తుమ్మ ముళ్ళు అధికంగా ఉన్న చోట అడుగు పొర మధ్య ఉక్కు రేకు గల రకం మేలు, బరువు పెరిగినా సరే. రబ్బరు బూటు పైకి తేలే తెల్లని పూత లోపం కాదు, పగుళ్లు రాకుండా కలిపిన మైనం వంటి పదార్థం బయటకు వచ్చినదే.

వాడకూడని చోట్లు

దమ్ము చేసిన మడిలో నాట్లు వేసేవారికి మామూలు గమ్ బూటు పనికిరాదు. బురద పీల్చి పట్టేస్తుంది, కాలు వస్తే బూటు రాదు. గట్ల మీదికి, కూరగాయల మడుల్లోకి, రాత్రి బోరు దగ్గరకు వెళ్లడానికే దాని ఉపయోగం. 2018 జనవరి 1 నుండి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల విద్యుత్ సరఫరా మొదలైన తరువాత రాత్రి నడక కొంత తగ్గినా ఆగిపోలేదు. ఇక్కడే ఒక ప్రమాదకరమైన నమ్మకం ఉంది: గమ్ బూటు వేసుకుంటే కరెంటు తగలదని. నల్ల రబ్బరులో కలిపే కార్బన్ విద్యుత్తును కొంత ప్రసరింపజేయగలదు. తడిసిన, చిల్లుపడిన బూటు అసలే ఆపదు. విద్యుత్ పనికి పరీక్షించిన బూట్లు వేరే ఉంటాయి. స్టార్టరు డబ్బా ముట్టే ముందు ఫ్యూజులు తీయవలసిందే.

పురుగుమందు చల్లేటప్పుడు లోపల గుడ్డ అస్తరు లేని బూటు వాడి, ప్యాంటు అంచులను బూటు పైకి వదలాలి. లోపలికి దోపితే కారిన మందు నేరుగా పాదం వద్దకు చేరుతుంది. మామూలు నడకలో మాత్రం దోపుకోవడమే మంచిది.

వాడిన తరువాత కడిగి, తలకిందులుగా నీడలో ఆరవేయాలి. మోటారు గదిలో ఉంచరాదు. విద్యుత్ నిప్పురవ్వల వద్ద పుట్టే ఓజోను రబ్బరును చీలుస్తుంది. తొడిగే ముందు ప్రతిసారీ దులపాలి, తేళ్లకు అంతకంటే అనువైన చోటు దొరకదు. చిల్లు అనుమానం ఉంటే లోపల నీళ్లు పోసి వేలాడదీస్తే తెలిసిపోతుంది. అడుగు గాళ్లు అరిగి నున్నబడిన బూటు గట్టు మీద జారుతుంది కనుక నడకకు మానివేయాలి. చీలమండ కింది భాగంలో పగుళ్లు లేనట్లయితే పైభాగం కోసివేసి, గచ్చు లేని కొట్టంలో చెప్పుల వలె మరికొంత కాలం వాడుకోవచ్చు.