లినక్స్ కెర్నల్ మాడ్యూల్ దోషాలు: సందేశ పఠనం, పరిష్కార మార్గం

వ్యాససంగ్రహం:
లినక్స్ వ్యవస్థలో వైఫై కార్డు వంటి పరికరాలు కెర్నల్ మాడ్యూళ్ల సాయంతో పనిచేస్తాయి. మాడ్యూల్ లోడ్ కానప్పుడు టెర్మినల్‌లో కనిపించే సందేశం అసలు కారణాన్ని పూర్తిగా చెప్పకపోవచ్చు. ఆ సందేశాన్ని కెర్నల్ లాగ్‌తో కలిపి చదివి, దోషం ఏ దశలో ఉందో నిర్ధారించే పద్ధతిని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, కెర్నల్, మాడ్యూల్, డ్రైవర్, ఫర్మ్‌వేర్, సెక్యూర్ బూట్.

1. ఉపోద్ఘాతం:
కంప్యూటర్‌ను అప్‌డేట్ చేసి మళ్లీ ఆన్ చేయగానే వైఫై కనిపించకపోవడం లినక్స్ వాడేవారికి పరిచితమైన సమస్య. కార్డు పాడైందని భావించి కొత్తది కొనడం, వ్యవస్థను మొత్తంగా తిరిగి ఇన్‌స్టాల్ చేయడం తొందరపాటు చర్యలు. రెండోదానివల్ల భద్రపరచుకోని పరిశోధన ఫైళ్లు పోయే ప్రమాదం కూడా ఉంది. అప్‌డేట్‌కు ముందు వరకు పనిచేసిన కార్డు ఆ వెంటనే ఆగిపోతే మొదట మాడ్యూల్‌ను పరిశీలించాలి.

2. మాడ్యూల్ స్వరూపం:
అవసరమైనప్పుడు కెర్నల్‌కు జోడించే ప్రోగ్రామ్ భాగమే మాడ్యూల్. కెర్నల్ వెర్షన్ ఒక్కొక్కదానికి ఒక్కో మాడ్యూళ్ల ఫోల్డరు ఉంటుంది. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ కెర్నల్ తన అంతర్గత నిర్మాణాన్ని స్థిరంగా ఉంచుతానని హామీ ఇవ్వదు. ఇది తెలిసి తీసుకున్న నిర్ణయమేనని గ్రెగ్ క్రోహ్-హార్ట్‌మన్ కెర్నల్ పత్రాల్లో వివరించారు. అందువల్ల కెర్నల్‌తోపాటు రాని మాడ్యూళ్లను, ఉదాహరణకు కొన్ని బ్రాడ్‌కామ్ వైఫై కార్డులకు వాడే ‘డబ్ల్యుఎల్’ను, కెర్నల్ మారినప్పుడు తిరిగి కంపైల్ చేయవలసి వస్తుంది.

3. దోషసందేశాలు - కారణాలు:
ముందుగా ‘యునేమ్ -ఆర్’ ఆదేశంతో నడుస్తున్న కెర్నల్ వెర్షన్‌ను, ‘ఎల్ఎస్‌పీసీఐ -కె’తో కార్డు గుర్తింపును, దానికి జతపడిన మాడ్యూల్‌ను తెలుసుకోవాలి. తర్వాత ‘మోడ్‌ప్రోబ్’తో మాడ్యూల్‌ను లోడ్ చేసి, ‘డీమెసేజ్’ ద్వారా కెర్నల్ లాగ్‌ను చదవాలి.

3.1 ‘మాడ్యూల్ నాట్ ఫౌండ్’: నడుస్తున్న వెర్షన్ ఫోల్డరులో మాడ్యూల్ లేదు. ఆ వెర్షన్ హెడర్ ఫైళ్లను ఇన్‌స్టాల్ చేసి, డీకేఎంఎస్‌తో మాడ్యూల్‌ను తిరిగి నిర్మించాలి. అంతవరకు బూట్ మెనూలో పాత కెర్నల్‌ను ఎంచుకుని పని కొనసాగించవచ్చు.

3.2 ‘ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్’: ఈ మాటలను బట్టి ఫైలు చెడిపోయిందనిపిస్తుంది. లాగ్‌లో ‘వెర్షన్ మ్యాజిక్’ అనే పంక్తి ఉంటే అసలు కారణం వెర్షన్ల పొంతన లేకపోవడం. మాడ్యూల్ ఏ వెర్షన్‌కు తయారైందో, ఏది కావాలో రెండూ ఆ పంక్తిలో ఉంటాయి. ‘ఫోర్స్’ ఐచ్ఛికంతో బలవంతంగా లోడ్ చేస్తే తనిఖీ మాత్రమే తప్పుతుంది, పొంతన కుదరదు. కెర్నల్ కుప్పకూలవచ్చు కూడా.

3.3 ‘అన్‌నోన్ సింబల్’: మాడ్యూల్‌కు కావలసిన ఒక అంశం కెర్నల్‌లో దొరకలేదు. ‘ఇన్స్‌మాడ్’ ఆధార మాడ్యూళ్లను లోడ్ చేయదు, ‘మోడ్‌ప్రోబ్’ చేస్తుంది. ఆధారాల జాబితా పాతబడితే ‘డెప్‌మాడ్’ నడపాలి. ఆ అంశం కొత్త కెర్నల్‌లో తొలగిపోయి ఉంటే డ్రైవర్ కొత్త వెర్షనే శరణ్యం.

3.4 ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’: మాడ్యూల్‌పై కెర్నల్ నమ్మే డిజిటల్ సంతకం లేదు. సెక్యూర్ బూట్ ఉన్న యంత్రాల్లో ఇది తరచు కనిపిస్తుంది. దాన్ని ఆపివేయడం సులభమే గాని, ఒక రక్షణను వదులుకున్నట్లవుతుంది. మాడ్యూల్‌పై సంతకం చేసి, ‘మోక్‌యుటిల్’తో తాళంచెవిని నమోదు చేసి, రీబూట్ సమయంలో ధ్రువీకరించడం మేలు.

3.5 మాడ్యూల్ లోడ్ అయినా పరికరం పనిచేయకపోవడం: లాగ్‌లో ఫర్మ్‌వేర్ లోడ్ విఫలమై ‘ఎర్రర్ -2’ వచ్చిందని ఉంటే, ఆ ఫర్మ్‌వేర్ ఫైలు లేదని అర్థం. సంబంధిత ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయాలి. ‘బి43’ వంటి మరో మాడ్యూల్ కార్డును ముందే చేజిక్కించుకుంటే దాన్ని బ్లాక్‌లిస్టులో చేర్చాలి.

4. ముగింపు:
ఫైలు ఉనికి, వెర్షన్ పొంతన, ఆధారాలు, సంతకం, ఫర్మ్‌వేర్ - ఈ ఐదింటిలో ఏది లోపించిందో సందేశం సూచిస్తుంది, లాగ్ నిర్ధారిస్తుంది. కారణం తేలకముందే చేసే మార్పులు కొత్త దోషాలను చేర్చి తొలి ఆధారాన్ని మరుగుపరుస్తాయి. కాబట్టి సందేశాన్ని యథాతథంగా రాసిపెట్టుకోవడం, కొత్త కెర్నల్‌లో పరికరాలన్నీ పనిచేస్తున్నాయని తేలేవరకు పాత కెర్నల్‌ను తొలగించకపోవడం తప్పక పాటించవలసిన జాగ్రత్తలు.