కళ్ళకు కట్టుకునే డబ్బాలో కరెంటు

రండి, అరుగు మీద కూర్చోండి. ఆ కూలర్ జోలికి మాత్రం పోకండి, ప్లగ్గు పీకి నీళ్ళు నేనే పోస్తా. మన సూర్యాపేట ఎండలకు కూలర్ లేనిదే గడవదు గానీ, తడికాళ్ళతో దాని రేకు ముట్టుకుని ప్రాణాలు పోయాయని ఎండాకాలం వస్తే వింటూనే ఉంటాం. కరెంటు కంటికి కనపడదు. తప్పు చేసి నేర్చుకుందామంటే ఒక్కోసారి ఆ అవకాశమే ఇవ్వదు.

అక్కడే వర్చువల్ రియాలిటీ పనికొస్తుంది. కళ్ళకు ఓ డబ్బా కట్టుకుంటారు. లోపల ఒక్కో కంటికి ఒక్కో బొమ్మ, రవ్వంత తేడాతో. రెండూ కలిపి మెదడు లోతు చూసేస్తుంది! ఈ కిటుకును 1838లోనే చార్లెస్ వీట్‌స్టన్ చూపించాడు. ఇంటర్ అన్నలు ల్యాబులో తంటాలు పడే వీట్‌స్టన్ బ్రిడ్జి కూడా ఆయన పేరు మీదిదే. కంటినీ కరెంటునీ రెండిటినీ పట్టుకున్నాడు, మహానుభావుడు. ఇప్పుడు తల తిప్పితే బొమ్మా తిరిగేలా సెన్సర్లు చేరాయి.

ఆ డబ్బాలో కనిపించే కూలర్‌ను ముట్టుకుంటే చేతిలో పట్టుకున్న పిడి జుయ్యిమని వణుకుతుంది, అంతే. రేకులోంచి చేతికి, ఛాతీ మీదుగా పాదాలకు, అక్కణ్ణుంచి భూమిలోకి కరెంటు పోయే దారిని ఎర్రగా గీసి చూపించొచ్చు. ఇదే డబ్బాతో, కోదాడలో ఇల్లు కట్టుకునేవాళ్ళు గోడ లేవకముందే గదుల్లో తిరిగి చూసుకోవచ్చు. మేకు కొట్టాలనుకున్న చోట వైర్ల పైపు ఉందా? స్విచ్చి షవరు కిందికొచ్చిందా? కాగితం మీది ప్లాను అర్థంకాని అవ్వ కూడా “ఈ బోర్డు నాకందదు” అని అప్పుడే చెప్పేస్తుంది.

డబ్బా నేర్పుతుంది గానీ, అసలు కాపలా బోర్డులో ఉండే ఆర్‌సీసీబీ అనే మీటది. మిర్యాలగూడ మిల్లు గుమాస్తా పోయిన గోనెసంచులూ తిరిగొచ్చినవీ లెక్కపెట్టినట్టే, ఫేజులో పోయినదీ న్యూట్రల్‌లో వచ్చినదీ అది పోల్చి చూస్తుంది. ఇళ్ళల్లో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్ల తేడాకే కరెంటు కట్ చేస్తుంది, రెప్పపాటులో. అదే బోర్డులో ఉండే మరో మీట ఎంసీబీ కాపాడేది వైర్లను, మనిషిని కాదు. ఇల్లు కట్టేటప్పుడు ఈ తేడా విడమరిచి చెప్పేవాళ్ళు తక్కువ, అదే నా కోపం. ఎర్తింగ్ కూడా సరిగా ఉంటే, రేకులోకి కారిన కరెంటును మనం ముట్టుకోకముందే ఆర్‌సీసీబీ పట్టేస్తుంది.

పోయి నాన్ననడగండి, మన బోర్డులో ఆర్‌సీసీబీ ఉందా అని. ఉంటే దాని టెస్ట్ బటన్ అప్పుడప్పుడూ ఆయన్నే నొక్కమనండి. మీట పడిపోకపోతే ఆ రోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.