వార్తల్లో పదం: ఓపెన్ రెవెన్యూ షేరింగ్

ఒకరిద్దరు ఏళ్ల తరబడి కష్టపడి చేసిన వీడియో గేమ్‌ను 10 డాలర్లు పెట్టి కొన్నామనుకోండి. వాళ్ల చేతికి ఎంత వెళ్తుందన్నది ఏ దుకాణంలో కొన్నామన్న దాన్నిబట్టి ఉంటుంది. స్టీమ్‌లో మామూలుగా 30 శాతం, అంటే 3 డాలర్లు దుకాణానివే. 2018లో ఆ వాటా తగ్గించారు గానీ, కోటి డాలర్ల అమ్మకాలు దాటిన గేమ్‌లకే! చిన్నవాళ్లకు ఒరిగిందేమీ లేదు. అదే ఏడాది డిసెంబరులో వచ్చిన ఎపిక్ స్టోర్ 12 శాతంతో మొదలుపెట్టింది.

ఇచ్ డాట్ ఐఓ దారే వేరు. 2013లో లీఫ్ కోర్కోరన్ ప్రారంభించిన ఈ సైట్‌లో దుకాణానికి ఎంత ఇవ్వాలో గేమ్ చేసినవాళ్లే నిర్ణయిస్తారు. 2015లో వచ్చిన ఈ పద్ధతే ఓపెన్ రెవెన్యూ షేరింగ్. మొదట 10 శాతం అని ఉంటుంది. దాన్ని సున్నా చేసుకున్నా అడిగేవాళ్లు లేరు. పేమెంట్ కంపెనీల చార్జీలు, పన్నులు మాత్రం తప్పవు. అమ్మేవాళ్లను ఇంతగా నమ్మిన దుకాణం ఈ రంగంలో అరుదు. కొనేవాళ్లకూ వెసులుబాటుంది: డబ్బు కట్టేచోట అడిగిన ధర కంటే ఎక్కువ అంకె వేసి, ఆ పైమొత్తం కూడా గేమ్ చేసినవాళ్లకు చేరేలా చేయవచ్చు.

స్టీమ్ లైబ్రరీని వదల్లేనివాళ్లకూ మార్గముంది. ఇచ్‌లో కొన్న కొన్ని గేమ్‌లతో పాటు స్టీమ్ కీ, అంటే ఆ గేమ్‌ను స్టీమ్ లైబ్రరీలో చేర్చుకునే కోడ్ కూడా ఇస్తారు. బయట అమ్మిన ఆ కీ మీద స్టీమ్ వాటా తీసుకోదు. కొనేముందు గేమ్ పేజీలో కీ ఇస్తామన్న మాట ఉందేమో చూసుకోండి. అయితే, అలా వచ్చిన గేమ్‌కు రాసే రివ్యూ స్టీమ్ రేటింగ్ లెక్కలోకి రాదు.