తన్ను చిన్నదే, కానీ రెండు వైపులా: ఎయిర్‌గన్‌కి స్కోప్ కొనేముందు ఇవి చూడండి

మా సైట్‌లో ఫోన్లు, ఇయర్‌బడ్స్ రివ్యూలు చదివే మీకు ఈసారి కొంచెం వేరే గ్యాడ్జెట్. ఎయిర్‌గన్ మీద బిగించే టెలిస్కోపిక్ స్కోప్. 2,700 రూపాయలు పోగొట్టుకున్నాక నేర్చుకున్న పాఠం ఇది. నిజానికి పోయింది డబ్బే అయినందుకు అదృష్టం అనుకోవాలి.

మా బాబాయ్‌కి నూజివీడు దగ్గర మామిడి తోట ఉంది. పోయిన వేసవిలో వెళ్లినప్పుడు ఆయన స్ప్రింగ్ ఎయిర్‌గన్ బయటికి తీశాం. ఖాళీ డబ్బాలు వరసగా పెట్టి కొట్టడం, అంతే మా సరదా. నేను ఆన్‌లైన్‌లో ఒక 3-9×40 స్కోప్ తెప్పించి బిగించా. పేజీలో 'షాక్‌ప్రూఫ్' అని పెద్ద అక్షరాలతో ఉంది. మొదటి రోజు 20 మీటర్ల దూరంలో ఐదు గుళ్లూ రూపాయి బిళ్లంత చోటులో పడ్డాయి. మూడో రోజు ఒక గుండు డబ్బా మీదుగా, వెనక పెట్టిన ఇసుక బస్తాలు కూడా దాటిపోయి నీళ్ల తొట్టి గోడకి తగిలింది. పది నిమిషాల ముందు కాయ కోసేవాళ్లు అక్కడే కాళ్లు కడుక్కున్నారు.

బాబాయ్ తుపాకీ నా చేతిలోంచి తీసేసుకున్నారు. "ఒరేయ్, తప్పు నీదో దానిదో ముందు తేల్చు. అప్పటిదాకా ఇది బీరువాలోనే ఉంటుంది" అన్నారు.

తేల్చాను. స్కోప్ ఊపితే లోపల గలగలమంటోంది. ప్లస్ గుర్తు కాస్త పక్కకి ఒరిగింది. రెండొందల గుళ్లు కూడా కాల్చకుండానే దాని పని అయిపోయింది.

ఇంత చిన్న తుపాకీ స్కోప్‌ని ఎలా విరగ్గొడుతుంది?

పెద్ద రైఫిల్ పేలితే భుజం మీదికి, అంటే వెనక్కి తన్నుతుంది. మామూలు రైఫిల్ స్కోపుల్లో లెన్సులు, గుర్తు ఉండే చిన్న గాజు బిళ్ల ముఖ్యంగా ఆ ఒక్క దిశ దెబ్బకి తట్టుకునేలా బిగించి ఉంటాయి.

స్ప్రింగ్ ఎయిర్‌గన్ కథ వేరు. ట్రిగ్గర్ నొక్కగానే లోపలి పిస్టన్ ముందుకి దూకుతుంది, తుపాకీ వెనక్కి తన్నుతుంది. ఆ వెంటనే పిస్టన్ ముందున్న గాలి దిండుకి కొట్టుకుని ఆగుతుంది, అప్పుడు తుపాకీ ఒక్కసారిగా ముందుకి గుంజుతుంది. సెకనులో చిన్న భాగంలోనే రెండు దెబ్బలు, రెండు దిశల్లో. గుండు బరువు అర గ్రాము. పిస్టన్ దానికి వందల రెట్లు బరువు. ఆ దెబ్బంతా స్కోప్ మీదికే పోతుంది. అందుకే పెద్ద రైఫిల్ మీద ఏళ్ల తరబడి నిలిచిన స్కోప్ కూడా దీని మీద పాడైపోవచ్చు.

బైక్ హ్యాండిల్‌కి ఫోన్ బిగించి తిరిగితే కెమెరాలోని ఓఐఎస్ దెబ్బతినొచ్చని ఆపిల్ 2021లో హెచ్చరించింది, గుర్తుందా? ఇదీ అలాంటిదే. ఒక్క పెద్ద దెబ్బని తట్టుకోవడం వేరు, తప్పుడు దిశలో వందల దెబ్బల్ని తట్టుకోవడం వేరు.

కొనేటప్పుడు ఏం చూడాలి?

1. 'షాక్‌ప్రూఫ్' కాదు, 'స్ప్రింగ్ ఎయిర్‌గన్‌కి పనికొస్తుంది' అనే మాట. స్ప్రింగర్ పేరు స్పష్టంగా రాసి ఉండాలి. రాయకపోతే అడగండి, జవాబు దాటవేస్తే కొనకండి. హాక్ కంపెనీ ఎయిర్‌మ్యాక్స్, యూటీజీ బగ్ బస్టర్ లాంటివి ఎయిర్‌గన్‌లని దృష్టిలో పెట్టుకుని చేసినవి. గ్యాస్ పిస్టన్ తుపాకీ అయినా ఇదే నియమం, దానికీ రెండు వైపులా కుదుపు ఉంటుంది. పీసీపీ తుపాకీకి తన్ను చాలా తక్కువ, కాబట్టి ఈ బెంగ దానికి లేదు.

2. దగ్గర దూరానికి ఫోకస్. మామూలు రైఫిల్ స్కోపుల్లో చాలావాటికి పారలాక్స్ 100 గజాలకి సెట్ చేసి ఉంటుంది. మనం కొట్టేది 20, 30 మీటర్లలో. అంత దగ్గర్లో కన్ను కాస్త కదిలినా గుర్తు కూడా కదిలినట్టు కనిపిస్తుంది. అందుకని 10 గజాల దాకా తగ్గించుకునే ఫోకస్ రింగ్ ఉన్నదే తీసుకోండి. మా పాత తోటలో చెట్టుకీ చెట్టుకీ 10 మీటర్ల ఎడం ఉంది. రెండు ఖాళీలు దాటితే 20 మీటర్లు, మూడు దాటితే 30. రేంజ్‌ఫైండర్ అవసరమే రాలేదు.

3. జూమ్ వ్యామోహం వద్దు. ఫోన్లో 100ఎక్స్ జూమ్ ఎంత ఉపయోగమో ఇక్కడ 24ఎక్స్ అంతే. జూమ్ పెంచితే మీ చేతి వణుకు కూడా పెరిగి కనిపిస్తుంది. 3-9 లేదా 4-12 చాలు. లోపల కదిలే భాగాలు ఎంత తక్కువ ఉంటే అంత మన్నిక.

4. బరువు. స్కోప్ బరువైన కొద్దీ కుదుపుకి క్లాంపులు జారే అవకాశం ఎక్కువ. ముందు గాజు 32 లేదా 40 మి.మీ. ఉంటే సరిపోతుంది.

5. నైట్రోజన్ నింపినదై ఉండాలి. తొలకరి పడ్డాక తెల్లవారుజామున లోపల ఆవిరి పడితే స్కోప్ ఎందుకూ పనికిరాదు.

బిగించడంలోనే సగం ఉంది

మన ఎయిర్‌గన్‌లలో చాలావాటి మీద 11 మి.మీ. డవ్‌టెయిల్ గాడి ఉంటుంది. దానికి సరిపడే మౌంట్ కొనాలి, వీలైతే రెండు విడి రింగులకి బదులు ఒకే ముక్కగా ఉండేది. మౌంట్ కింద స్టాప్ పిన్ ఉండి, అది తుపాకీ మీది రంధ్రంలో కూర్చోవాలి. లేదంటే ప్రతి దెబ్బకీ మౌంట్ కొంచెం కొంచెం వెనక్కి పాకుతుంది.

రింగు స్క్రూలు బలమంతా పెట్టి బిగిస్తే స్కోప్ గొట్టం నొక్కుకుపోతుంది. ఒక్కో స్క్రూ కొంచెం కొంచెంగా, ఎదురెదురుగా బిగించండి. తర్వాత రింగుకీ గొట్టానికీ కలిపి గోళ్ల రంగుతో సన్నటి గీత గీయండి. గీత విడిపోయిందంటే స్కోప్ జారినట్టే. మా పిన్ని దగ్గరి సీసాతో అయిపోయింది.

ఇంకొకటి. మధ్యకి విరిచే తుపాకుల గొట్టం చాలాసార్లు కాస్త కిందికి వాలి ఉంటుంది. దాన్ని సరిచేయడానికి పైనున్న నాబ్ చివరిదాకా తిప్పేస్తే లోపలి స్ప్రింగ్ వదులై గురి నిలబడదు. అప్పుడు వాలు సరిచేసే మౌంట్ వాడాలి. నాబ్ మధ్యలోనే ఉండాలి.

ఫోన్‌తో పరీక్ష

కొత్త స్కోప్‌ని నేను ఇలా పరీక్షించా. 20 మీటర్లలో కాగితం పెట్టి ఐదు గుళ్లు కాల్చి ఫోటో తీశా. 50 గుళ్ల తర్వాత మళ్లీ, 200 తర్వాత మళ్లీ, 500 తర్వాత మళ్లీ. ఫోటోలు పక్కపక్కన పెడితే గుంపు జరిగిందో లేదో దాచినా దాగదు. నాది జరగలేదు.

నాబ్ కూడా చూసుకోండి. పావు ఎంఓఏ క్లిక్ అంటే 25 మీటర్ల దగ్గర సుమారు 1.8 మి.మీ. 20 క్లిక్కులు పైకి తిప్పితే గుండు సుమారు 36 మి.మీ. పైకి పోవాలి. తిరిగి 20 కిందికి తిప్పితే పాత చోటికే రావాలి. రాకపోతే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపండి.

చిలకల సంగతి

"ఇంత గురి కుదిరాక రసాలు కొరికేసే రామచిలకల్ని వదలడమెందుకు?" అని పక్క తోటాయన అడిగారు. కూడదు. రామచిలకలు, నెమళ్లు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న పక్షులు, వాటిని కొడితే నేరం. 4.5 మి.మీ. వ్యాసం, 20 జౌల్స్ శక్తి దాటని ఎయిర్‌గన్‌కి 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. అంతమాత్రాన అది బొమ్మ కాదు. అర గ్రాము గుండు సెకనుకి 250 మీటర్ల వేగంతో వెళ్తే 16 జౌల్స్. కన్ను పోవడానికి అది చాలా ఎక్కువ. స్కోప్‌ని బైనాక్యులర్‌లా వాడి మనుషుల వైపు చూడటం అసలే వద్దు, దాని వెనకే తుపాకీ ఉంది. సూర్యుడి వైపూ చూడకండి.

మా తీర్పు

మీ దగ్గర స్ప్రింగ్ ఎయిర్‌గన్ ఉంటే, జూమ్, వెలిగే గుర్తు, రంగుల డబ్బా అన్నీ పక్కనపెట్టి స్ప్రింగర్ రేటింగ్, దగ్గరి ఫోకస్, గట్టి మౌంట్ మీద డబ్బు పెట్టండి. బడ్జెట్ చాలకపోతే తుపాకీతో వచ్చిన ఇనుప సైట్లతోనే కొట్టండి. అవి చౌక స్కోప్ కంటే నమ్మకం.

బాబాయ్ 500 గుళ్ల ఫోటోలు చూశాకే బీరువా తాళం ఇచ్చారు. అయితే రెండు షరతులు పెట్టారు. ఇసుక బస్తాలు ఇంకో రెండు వరసలు ఎత్తు పెంచాలి. కోతలు జరిగే రోజుల్లో తుపాకీ తీయకూడదు. స్కోప్ ఎంత మంచిదైనా ఆ రెండు షరతులూ మీరూ పెట్టుకోండి.