విమానయంత్రము – విపణి

హైదరాబాదు నుండి విజయవాడకు పోవు బాటలో, నకిరేకల్ కడ బస్సు యంత్రము ఆగినచో ప్రయాణికులు దిగి చెట్టునీడన నిలుతురు. సముద్రముపై నెగురు విమానమునకు అట్టి నీడ లేదు. కావున దాని యంత్రము నమ్మదగినదై యుండవలెను. ఆ నమ్మకమును పెంచినది శాస్త్రజ్ఞుల ప్రతిభ మాత్రమే కాదు, కొనువారి కోరికయు.

1953లో అమెరికా ప్రభుత్వము ఒక నియమము చేసెను. రెండు యంత్రముల విమానము, వానిలో నొకటి చెడినను, 60 నిమిషములలో ఏదేని విమానాశ్రయమును చేరగల దారినే పోవలెను. అందుచే మహాసముద్రములపై దూరయానమునకు మూడు, నాలుగు యంత్రముల విమానములు వలసివచ్చెను. యంత్రములు పెరిగినకొలది ఇంధనవ్యయమును, మరమ్మతువ్యయమును పెరుగును. రెండింటితోనే సముద్రము దాటగోరిన విమానసంస్థలు, సులభముగా చెడని యంత్రములను కోరినవి. నిర్మాతలు అట్టివానిని చేసి నిరూపింపగా, 1985లో అర్హత గల విమానములకు ఆ గడువు 120 నిమిషములయ్యెను.

సొమ్ము చెల్లించు పద్ధతియు మారెను. బావిమోటారు చెడినపుడెల్ల బాగుచేయువానికి కూలి దొరకును. అట్లుగాక, నీరు పారిన ప్రతి గంటకును కూలి యిచ్చినచో, మోటారు చెడకుండుటయే వానికి లాభము. 1962లో ఇంగ్లండుకు చెందిన బ్రిస్టల్ సిడెలీ సంస్థ, ఇట్లే ఎగిరిన గంటలను బట్టి రుసుము గైకొను పద్ధతి నారంభించెను.

మన దేశపు విమానసంస్థలు లీప్ యంత్రములను విరివిగా కొనుటచే, వాని మరమ్మతుకై సాఫ్రాన్ సంస్థ నెలకొల్పిన కేంద్రము 2025 నవంబరులో శంషాబాదున ప్రారంభమయ్యెను.

బాలలారా! అమ్మువాని లాభము ప్రయాణికుని క్షేమముతో ముడివడినపుడే విపణి మేలుచేయును. ఆ ముడి వీడకుండ కాచునది ప్రభుత్వనియమము.