మలక్‌పేట పందెగాళ్ల మర్యాదలు

మా తొర్రూరు నుంచి హైదరాబాద్‌కు వలసపోయిన మా బాబాయి సీజన్ మొదలైతే మలక్‌పేట రేసుకోర్సు వదలడు. ఆయన వెంట తిరిగాక నాకు తెలిసిందేమిటంటే, అక్కడ పోటీ గుర్రాల మధ్య ఎంతో, మనుషుల మధ్యా అంతే.

టోట్ పద్ధతిలో పందెం డబ్బంతా ఒక్కచోట చేరుతుంది. క్లబ్బు వాటా, పన్ను పోగా మిగిలింది గెలిచినవాళ్లు పంచుకుంటారు. ఒకే గుర్రం మీద ఎక్కువమంది కడితే తలా కొంచెమే దక్కుతుంది. అంటే, పక్కవాడే ప్రత్యర్థి. అయినా ఆ పక్కవాడికే రేసు పుస్తకం అరువిస్తారు, గుర్రం మీద బరువెంత వేశారో, జాకీ ఎవరో కలిసి చర్చించుకుంటారు. నాకు నచ్చేది ఇదే.

రాయని కట్టుబాట్లు కొన్నున్నాయి. గుర్రం పేరు చెప్పదలిస్తే పరుగుకు ముందే చెప్పాలి, కారణంతో సహా. ఫలితం వచ్చాక “నేనప్పుడే అనుకున్న” అనేవాణ్ని ఎవరూ లెక్కచేయరు. ఇంకొకరి మాట విని పోగొట్టుకుంటే నింద నీదే. ఓ సాయంత్రం బాబాయి గెలిచిన టికెట్‌ను చప్పుడు చేయకుండా జేబులో పెట్టుకున్నాడు. ఎందుకని అడిగితే, “పక్కాయన పోగొట్టుకున్నడు బిడ్డా, ఆయన ముంగట సూపియ్యొద్దు” అన్నాడు.

గుర్రప్పందెం నైపుణ్యంతో కూడినదని సుప్రీంకోర్టు 1996లో తీర్పిచ్చింది. ఆన్‌లైన్ జూదాన్ని మాత్రం తెలంగాణ 2017లో నిషేధించింది. అది సరైన పనే. ఫోనులో ఒంటరిగా ఆడే కుర్రాడికి “ఇయ్యాల్టికి సాలు, ఇంటికి పో” అనే పెద్దమనిషి ఉండడు. మలక్‌పేటలో ఆ మాట బాబాయే ఎందరికో చెప్పాడు.